మాడు

నడినెత్తిన ఇంకా ఎముక కాని చోటొకటి ఉంటుంది.
మా అమ్మమ్మ దాన్ని మాడు అనేది.
అరచేతి గుంటలో ఆముదం పోసుకుని
బిగిసిన గడియకు నూనె పెట్టినట్టు అద్దేది.
నేనూ అక్కడే అద్దుతాను.
ఆముదం కాదు, జెల్.
గుంటూరు పెద్దాసుపత్రి, పసిపిల్లల వార్డు,
నాలుగో నంబరు వెచ్చని పెట్టె.
తెర మీద బూడిద రంగులో తెల్లవారుతుంది.

ఇరవై ఆరు వారాల మెదడు ముంజెలా ఉంటుంది,
ఏటుకూరు రోడ్డు పక్కన
తాటాకులో పెట్టిచ్చే లేత ముంజె.
ఒక్క మడతా ఉండదు.
తల్లి నడక ఊపులో, చీకట్లో పడాల్సిన మడతలు
ఇక్కడ ట్యూబులైటు కింద పడతాయి,
అలారాల మోతలో,
కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు
ఆ కాస్త చీకట్లో.
ఏ వారం ఏది పడిందో, ఏది ఆలస్యమైందో
రాసుకోవడమే పదకొండేళ్లుగా నా పని.
తేగల పాతర తవ్వి టెంక పగలగొడితే
బుర్రగుంజుని చూసి కూడా
ఇదెన్నో వారం అనుకుంటాను.

నూట పదిహేడో బిడ్డ.
తల్లి షేక్ మస్తాన్‌బీ,
మిర్చి యార్డు అవతల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పని.
అనుమతి కాగితం చదివి వినిపించాను.
"దీనివల్ల మీ బిడ్డకు లాభం ఉండకపోవచ్చు"
అన్న చోట ఎప్పటిలాగే నా గొంతు తగ్గింది.
ఆమె బొటనవేలు ఆనించింది.
సిరా పట్టేన్ని గీతలు దానికి మిగల్లేదు.
ఆ గీతలూ ఒకప్పుడు
ఎవరి కడుపులోనో నెమ్మదిగా పడ్డవే.

బిడ్డను గుండెకు ఆనించుకోమంటే
చేతులు వెనక్కి దాచుకుంది.
"మంటెత్తుద్దమ్మా వాడికి. ఎంత కడిగినా పోదు."
మజ్జిగతో, శనగపిండితో, కొబ్బరినూనెతో
ఆ చేతుల్ని తన ఒళ్లో పెట్టుకుని
సిస్టర్ సువార్తమ్మ కడిగింది.

ఎనిమిదో రోజు, ఎడం పక్క, ఆవగింజంత తెలుపు.
పన్నెండో రోజుకు చింతగింజంత.
పుస్తకాల్లో దానికి పొడుగాటి పేరుంది.
నెత్తురు, అంతే.
రోజూ చూడాల్సి వచ్చింది.
జెల్ తగిలినప్పుడల్లా వాడు ఉలిక్కిపడేవాడు, బొమ్మ చెదిరేది.
"ఏంది తల్లీ, పసిగుడ్డు నెత్తిన ఐసు పెడతన్నావు?"
వాడి నాయనమ్మ నాగూర్‌బీ
సీసా లాక్కుని రొంటిన దోపుకుంది.
పది నిమిషాలు నన్ను నిలబెట్టింది.
"ఇప్పుడు పెట్టు."
వాడు కదల్లేదు.

అచ్చయిన నా వ్యాసంలో ఒక వాక్యం ఉంది:
జెల్‌ను ఒంటి వేడికి తెచ్చిన తరువాత.
ఎవరి ఒంటి వేడి అని
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

రిజిస్టరు చివర మళ్లీ రానివాళ్ల గడి ఉంటుంది.
నూట పదిహేడును అందులో పెన్సిలుతో రాసుకున్నాను.
పదమూడో నెలలో, పొన్నూరు రోడ్డు ఆటో దిగి
నాగూర్‌బీ తెచ్చింది వాణ్ణి చంకనేసుకుని.
మాడు దాదాపు పూడిపోయింది.
ప్రోబు పెడితే తలుపు సందులోంచి పడే వెలుగంత గీత.
ఇక చూడటం కుదరదు,
ఏదైనా వాణ్ణే అడగాలి.

బల్ల మీద ఎండుద్రాక్ష పెట్టాను.
ఎడం చేత్తో తీసి నోట్లో వేసుకున్నాడు.
కుడిచెయ్యి గుప్పిటే.
"రోజూ పొద్దుగూకాక ఆముదం రాసి
ఒక్కో వేలూ తెరుస్తన్నా.
తెల్లారేసరికి మళ్లీ మూస్తాడు," అంది,
నావల్ల ఏమైనా తప్పా అన్నట్టు.
కాదని చెప్పాను.
ఎందుకని అడిగితే చెప్పడానికి
నా దగ్గర బొమ్మలున్నాయి, జవాబు లేదు.

నేను రాసుకుంటుండగా
వాడు ఆ మూసిన గుప్పిటతోనే జెల్ సీసాను తోశాడు.
దొర్లి కింద పడింది.
సువార్తమ్మ వంగి, తీసి, మళ్లీ పెట్టింది.
మళ్లీ తోశాడు.